సన్న టైర్లు

లావు టైర్లతో రోజూ ఆఫీసుకు ఈడ్చుకు రావడం విసుగెత్తి, బ్యాగులో తెచ్చుకున్న సన్నటి, నున్నటి టైర్లను డిజైనరమ్మ మధ్యాహ్నం తన మౌంటెన్ సైకిలుకు ఎక్కించింది. సాయంత్రం పాతవి భుజాన వేసుకుని బయల్దేరితే, కార్లకు వంగి వంగి సలాం కొట్టే సెక్యూరిటీవాడు గేటు దగ్గర అడ్డం పడ్డాడు.

"లావు టైర్లతో వచ్చి సన్నవాటితో పోతున్నారేంటి మేడమ్? ఇవి కంపెనీవి కావని ఏంటి నమ్మకం?"

ఆమెకు ఒళ్లు మండింది. అక్కడే చతికిలబడి, గోళ్లు విరగ్గొట్టుకుంటూ పాతవే మళ్లీ ఎక్కించి, సన్నవి భుజాన వేసుకుంది.

"మరి ఆ భుజం మీదవి?" అన్నాడు వాడు, గేటు వదలకుండా.

"పొద్దున నువ్వు నా బ్యాగు చూడకుండా ఫోన్లో మునిగిపోయినప్పుడు లోపలికొచ్చినవి. పద, ఇదే మాట మేనేజరుకు చెబుదాం."

వాడు గేటు తెరిచాడు.