వాన చెక్కిన రోలు

అక్క పాత చెంచాతో తమ్ముడి బూట్ల అడుగున పట్టిన మట్టి గోకుతోంది. తమ్ముడు అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు. కాసేపట్లో బస్సెడు జనాన్ని కొండమీదికి తీసుకెళ్లి, అడవి అంటే ఏమిటో వాళ్లకు బోధించాలి. దారి చూపిస్తూ ముందు నడిచేది అక్క. వాగు దాటాక అతనికి ఎడమేదో కుడేదో తెలియదు. నోరు మాత్రం అతనిది.

"మిత్రులారా! పూర్వం అడవంటే మనిషికి భయం. ఇప్పుడు ప్రశాంతత!"

అతని చరిత్రలో భయపడ్డవాళ్లున్నారు, ప్రశాంతపడ్డవాళ్లున్నారు. అడవిలో కాపురం చేసినవాళ్లే లేరు.

"ఇది మనిషి అడుగు పడని నేల. ఈ రాతిగుంట, లక్షల ఏళ్ల వాన చెక్కిన శిల్పం!"

చెంచా ఆగింది. కిందటి వారం ఆ గుంట ముందు ఒకాయన టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు. వాన గొప్పతనానికట! నిజానికి అది తమ అమ్మ గింజలు దంచిన రోలు. పక్కనే ఇల్లుండేది. అడవికి కంచె వేసి ఊరినంతా కిందికి దింపేసిన రోజున, ఏడాది నిండని ఈ బోధకుణ్ణి చంకనెత్తుకుని దిగింది తనే.

"ఒరేయ్, వానకు రోకలి ఎవరిచ్చార్రా?"

"మళ్లీ మొదలెట్టావా అక్కా?"

"ఎక్కువేం అడగను. ఇవాళ అక్కడ ఒక్క మాట చెప్పు, ఇది మా అమ్మ రోలు అని. చెప్పనంటే నేను రాను."

"వంటింటి సామాను చూడ్డానికి కొండెక్కుతారా ఎవరైనా?"

లోపల్నుంచి మరదలు తల బయటపెట్టింది. "పోనీ వదినా, ఆదిమానవుల రోలు అనమనండి. వినడానికి గొప్పగా ఉంటుంది."

తమ్ముడి మొహం చాటంతయింది. "ఇదేదో బాగుందే! పదివేల ఏళ్ల నాటి ఆదిమానవులు..." గబగబా కాగితం మీద రాసుకున్నాడు.

"ఆ ఆదిమానవులకు నువ్వేమవుతావురా?"

"అబ్బ, చరిత్రలోకి చుట్టరికాలు తేకక్కా!"

అక్క గోకిన బూటును గుమ్మం పక్కన పెట్టింది. మట్టిబూటును దాని పక్కన అలాగే పెట్టింది. చెంచా కడిగి, చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుంది.

"అక్కా, రెండో బూటో?"

వీధి చివర బస్సు హారన్ కొట్టింది.

"అక్కా! నువ్వు లేకపోతే వాగు దగ్గర..."

ఆమె గేటు తీసుకుని, కొండకు వీపు పెట్టి, బజారు వైపు నడిచిపోయింది.