దెసాంక ఇంట్లో కొండచిలువ

దెసాంకకు పాములంటే భయం లేదు, అసహ్యం. భయమైతే నాలుగడుగులు వెనక్కి వేస్తే తగ్గుతుంది. అసహ్యం అలా కాదు, తలుచుకుంటే చాలు, గొంతులోకి వచ్చి కూర్చుంటుంది. అరవై ఆరేళ్ళ ఆమె ఓపల్ రత్నాల గనిలో భర్త పక్కన పాతికేళ్ళు ఎర్రదుమ్ము మింగింది. కంగారూల తోలు ఒలిచింది. అయినా పాము పొట్ట నేలమీద జరిగే తీరు మాత్రం చూడలేకపోయేది.

ఆస్ట్రేలియా ఎడారిలోని కూబర్ పీడీలో నలభై ఏడు డిగ్రీల ఎండ కాస్తున్న ఒక నడివేసవి జనవరి మధ్యాహ్నం, సరిగ్గా ఆమె గుమ్మంలోకే మిలోరాడ్ తడిదుప్పటి కప్పిన గాజుపెట్టె మోసుకొచ్చాడు. చనిపోయిన భర్తకు గనిలో భాగస్వామి అతను. పెళ్ళీ పెటాకులూ లేవు. గుట్ట మీద ఇల్లుగా వాడుకునే ఒక పాత కారవాన్ బండి, అందులో ఐదడుగుల కొండచిలువ, అదే సంసారం. దాన్ని ‘దొరసాని’ అని పిలుచుకుంటాడు.

“కాదనకు వదినా. ఏసీ చచ్చింది. కారవాన్ లోపల నలభై నాలుగుంది. ఇంకో గంట ఉంటే ఇది ఉడికిపోతుంది.”

“ఉడకనీ. ఉప్పూ కారం నేనిస్తా.”

“అన్న ఉంటే ఇలా అనేవాడా?”

“మీ అన్న ఉంటే నిన్నూ దాన్నీ కలిపి గెంటేవాడు. నువ్వెక్కడ పడుకుంటావు మరి?”

“గనిలో. అక్కడ చల్లగానే ఉంటుంది.”

“దీన్నీ అక్కడే పెట్టుకో.”

“అక్కడ కరెంటు లేదు వదినా. దీనికి చల్లదనమొక్కటే చాలదు.”

అతని మొహం కందిపోయి ఉంది. పెదాలు పగిలాయి. తాగే నీళ్ళన్నీ ఆ దుప్పటి మీదే పోసినట్టున్నాడు. దెసాంక విసుక్కుంటూ దారి వదిలింది.

కొండ తొలిచి కట్టిన ఇల్లది. ఏ కాలమైనా లోపల ఇరవై నాలుగు డిగ్రీలే. వెనక గదిలో, గోడలో చెక్కిన అరలో పెట్టె పెట్టి, ఒక పక్కన వేడి దీపం వెలిగించాడు మిలోరాడ్.

“ఈ మూల ముప్ఫై రెండుండాలి. ఆ మూల ఇంటి చల్లదనం చాలు, ఎటు కావాలంటే అటు జరుగుతుంది. నిన్ననే ఎలకను మింగింది. అరగాలంటే వేడి కావాలి. ప్లగ్గు ముట్టుకోకు.”

ఆమె వినీ విననట్టు తలూపింది. పోతూపోతూ అతను ఫ్రీజర్‌లో ఒక సంచి పెట్టాడు. సాయంత్రం క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన కూర గిన్నె కోసం తలుపు తీస్తే ఆ సంచి లోంచి గడ్డకట్టిన ఎలకల తోకలు కనిపించాయి. ఆ గిన్నెడు కూరా చెత్తబుట్టలో పోసింది. ఆకలితోనే పడుకుంది.

మర్నాటికి వెనక గది వేడెక్కింది. ఆ వేడికి పెట్టెలోంచి మురిగిన తడిగోనె లాంటి వాసన వసారాలోకి పాకింది. వంటగదిలోకొస్తే అదే, రొట్టె కొరికితే అదే. “చల్లదనం కోసమని తెచ్చి మళ్ళీ దీనికి కాపడమొకటా!” అనుకుంటూ ముక్కు మూసుకుని వెళ్ళి ప్లగ్గు పీకేసింది. వాసన కాస్త తగ్గింది. హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ మర్నాడు పొద్దున్న లేచేసరికి ఇల్లంతా కంపు. కిటికీలు లేని ఇల్లు, గాలి వెళ్ళేందుకు పైకప్పులో ఒక గొట్టం తప్ప దారి లేదు. వెనక గదిలోకి తొంగిచూసింది. పెట్టెలో పాము ఒక మూల నిస్సత్తువగా చుట్టుకుని ఉంది. దాని ముందు బొచ్చు ఊడి, చర్మం కరిగి, జిగురుగా సాగుతున్న ఎలక. సగం అరిగిన దాని మూతి మాత్రం అలాగే ఉంది. దెసాంక తొట్టి దాకా పరుగెత్తి ఖాళీ కడుపుతోనే కక్కింది.

మిలోరాడ్‌కు ఫోన్ చేసింది. అతనొచ్చేలోపు ప్లగ్గు మళ్ళీ పెట్టేసింది.

అతను ఆ ముద్దను ఒట్టి చేతులతో ఎత్తి సంచిలో వేశాడు. వేళ్ళ సందుల్లోంచి జారుతుంటే ఆమె మొహం తిప్పుకుంది. “నాదే తప్పు వదినా. తిండి పెట్టి, అది అరగకముందే ఎండలో మోసుకొచ్చాను,” అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. చెయ్యైనా కడుక్కోకుండానే పశువైద్యురాలికి ఫోన్ చేశాడు. రెండు వారాలు తిండి పెట్టొద్దు, నీళ్ళుంచండి, మళ్ళీ కక్కితే బతకడం కష్టం అందావిడ. వేడి దీపం ఆగలేదు కదా అని అడిగింది.

“లేదండీ, మా వదిన చూసుకుంటోంది,” అన్నాడు మిలోరాడ్.

ఆ మాట వినగానే దెసాంక ప్లగ్గు వంక చూసింది.

“ప్లగ్గు నేనే పీకాను,” అంది, అతను ఫోన్ పెట్టేయగానే. “నిన్న పొద్దున. కంపు భరించలేక. నువ్వొస్తున్నావని ఇందాకే మళ్ళీ పెట్టాను.”

“చెప్పాను కదా వదినా,” అన్నాడతను, అంతే. చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

తర్వాత రెండు వారాలూ రోజూ వచ్చాడు, చూశాడు, వెళ్ళాడు. ఒక్క మాట లేదు. దెసాంక మాత్రం ముక్కుకు తువ్వాలు కట్టుకుని పూటకు రెండుసార్లు ఉష్ణమాపకం చూసింది. ముప్ఫై రెండు దాటితే దీపం కాస్త పైకి జరిపింది, తగ్గితే కిందికి దించింది. నీళ్ళు మార్చేటప్పుడు ఒకసారి పాము తోక ఆమె మణికట్టుకు తగిలింది. ఆ చేతిని సబ్బుతో నాలుగుసార్లు రుద్దుకుంది.

పదిహేనో రోజున మిలోరాడ్ గడ్డకట్టిన చిన్న ఎలుకపిల్లను గోరువెచ్చని నీళ్ళలో మెత్తబరిచి తెచ్చాడు. ఆమె గది విడిచి వెళ్ళలేదు. దవడలు సాగి, ఎలుక తల, భుజాలు, చివరికి తోక లోపలికి పోయేదాకా పళ్ళు బిగించి చూసింది.

“బయటికి పో వదినా, నీ మొహం పాలిపోతోంది,” అన్నాడతను. పదిహేను రోజుల్లో అదే మొదటి మాట.

“నోర్ముయ్. ఆ మూల ఎంతుందో చూడు.”

“ముప్ఫై ఒకటిన్నర.”

“దీపం దించు మరి, చూస్తావేం!”

ఆ ఎలుక కడుపులో నిలిచింది. ఫిబ్రవరిలో ఏసీ బాగయ్యాక మిలోరాడ్ పెట్టె ఎత్తుకుని పోయాడు. దెసాంక ఆ అరను వెనిగర్‌తో కడిగింది, సున్నం కొట్టింది. అయినా ఆ వాసన ఏప్రిల్ దాకా వదలలేదు.