రెండు వందల మూడు గ్రాములు

గొడుగు గుమ్మం బయట పెట్టాలని కూడా తెలియదు గానీ నలభై వేల మీటర్ల గుడ్డ దిగుమతి చేసుకోవడం మాత్రం తెలుసు ఈ మనిషికి, కారుతోంది, నీళ్లు కుర్చీ కింద నుంచి నా చెప్పుల దాకా వచ్చేశాయి, నేను కాలు తియ్యను, తీస్తే చూసి సారీ మేడం అంటాడు, ఆ మేడం నాకక్కర్లేదు, జానకిరామ్, గవర్నర్‌పేటలో షర్టింగు హోల్‌సేలు, నుదుటిన గంధం, చంకలో ఫైలు, నోట్లో బెల్లం, ఇవాళ కస్టమ్స్‌లో ఇతని హియరింగు, గుడ్డని పరీక్ష చేసిన కెమిస్టుని కాబట్టి నన్నూ పిలిచారు, నేను ఇచ్చిన రిపోర్టు ఎంత, మూడు లైన్లు, నూటికి నూరు పాళ్లూ పత్తి, రంగు వేసిన ట్విల్లు నేత, చదరపు మీటరుకి రెండు వందల మూడు గ్రాములు, చాలు, రెండు వందలు దాటకపోతే సుంకాల పట్టికలో ఒక హెడ్డింగు, దాటితే ఇంకో హెడ్డింగు, హెడ్డింగు మారితే సుంకం మారుతుంది, సుంకం ఎలాగో కట్టుకుంటాడు, అసలు దెబ్బ అది కాదు, కాగితాల్లో నూట తొంభై ఏడు అని రాసి రెండు వందల మూడు తెస్తే దాన్ని తప్పుడు డిక్లరేషన్ అంటారు, సరుకు కస్టమ్స్ డిపోలోనే ఆగిపోతుంది, అది స్కూలు యూనిఫాం గుడ్డ, బడులు తెరిచి పది రోజులైంది, ఇంకో పది రోజులాగితే ఆ నీలం గుడ్డ ఎవరికి కావాలి, షాపు మూతపడుతుంది, పడనీ.

పడనీ, నాకేం జాలి లేదు, రెండేళ్ల కిందట నామీద ఎవరు జాలిపడ్డారు, అప్పుడూ ఇతని గుడ్డే, పత్తిలో పాలియెస్టర్ ఎక్కువ కలిసిందని నేను రాస్తే అప్పీలుకి వెళ్లాడు, ఇంకో ఊళ్లో ల్యాబు వాళ్లు నాది తప్పన్నారు, నా ప్రమోషను ఆగింది, అంతటితో ఊరుకున్నాడా, బందరు లడ్డూలు తెచ్చి ఆఫీసంతా పంచాడు, మేడం గారికి విడిగా ఒక డబ్బా, పుండు మీద కారం చల్లడమంటే అదే, మా అటెండరు తెరేసమ్మ నెయ్యి ఓడుతున్న వేళ్లతో వచ్చి, ఒకటి తినండమ్మా, వేడి వేడిగా ఉన్నాయి అంది, ఆ డబ్బా అలాగే చెత్తబుట్టలో పడేశాను, పడేస్తుంటే పక్క సీటువాళ్లు నవ్వుకున్నారు, నవ్వండి, నవ్విన నాపచేనే పండుతుంది, పండింది కదా ఇవాళ.

రామకోటేశ్వరరావు గారు కళ్లజోడు ముక్కు కొసకి జార్చి పేజీలు తిప్పుతున్నారు, తీర్పు ఆయనది, నెమ్మదస్తుడు, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ కూడా ఈయనకంటే త్వరగా కదులుతుంది, చెప్పండి జానకిరామ్ గారూ అన్నారు, ఈ మనిషి లేచి నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోడు, నాటకం, అయ్యా మిల్లువాళ్లు నూట తొంభై ఏడని సర్టిఫికెట్ ఇచ్చారండీ, నేను అదే రాశానండీ, ముప్పై ఏళ్లుగా గుడ్డ పట్టుకుంటున్నా, చేత్తో చూసినా అది రెండు వందల లోపేనండీ అంటున్నాడు, చేత్తో చూస్తాడట, ఇంక మేమెందుకు, త్రాసులెందుకు, మళ్లీ అందుకున్నాడు, మేడం గారి మీద నాకు ఏ అనుమానమూ లేదండీ, అప్పుడంటే పొరపాటు పడ్డారు, ఎవరికైనా జరుగుతుంది, ఆవిడ పని ఆవిడ శ్రద్ధగానే చేస్తారు, మిషన్లోనే ఏదో తేడా ఉందేమో ఒక్కసారి చూడండీ, ఎవడడిగాడు నీ సర్టిఫికెట్, నన్ను క్షమించడానికి నువ్వెవడివి, నన్ను తిట్టు, లంచం అడిగిందను, అంటే హాయిగా ఉంటుంది నాకు.

మిషన్లో తేడా లేదు, త్రాసు నిక్షేపంలా ఉంది, ఈ శాంపిలు తూచిన రోజూ ఇలాగే వాన, డిపో నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవరుకి లోపలి వైపు ఆవిరి పట్టింది, తెరేసమ్మే చూసింది, చెమ్మగా ఉందమ్మా, ఏసీ గదిలో పరిచేదా అని అడిగింది, ఇరవై ఏళ్లుగా చూస్తోంది, ఆవిడకీ తెలుసు పత్తి గాల్లో తేమ తాగేస్తుందని, తాగి బరువెక్కుతుందని, అందుకే తూచే ముందు ఒక రోజంతా ఆ గదిలో ఆరాలని, అక్కర్లేదులే నువ్వెళ్లు అన్నాను, అర్జంటు ఫైలు కదా, అర్జంటని ఎవరన్నారు, ఎవరూ అనలేదు, గుండ్రటి కట్టరుతో అయిదు బిళ్లలు కోశాను, త్రాసు మీద పెట్టాను, రెండు వందల మూడు, ఎంత సంతోషం వేసిందో, కాలేజీలో ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా అంత వెయ్యలేదు, సరే, ఆ రోజు తొందరపడ్డాను అనుకుందాం, మర్నాడో, మర్నాడు పొద్దున బిళ్లలు నా బల్ల మీదే ఉన్నాయి, పొడిగా, రాత్రంతా ఫ్యాను కింద ఆరి, త్రాసు జానెడు దూరంలో ఉంది, పెట్టలేదు, వేళ్లతో తాకి చూశాను, తేలిగ్గా ఉన్నాయని తెలిసింది, కవర్లో వేసి సీలు కొట్టాను.

ఏమ్మా శ్రీదుర్గా, రామకోటేశ్వరరావు గారు నావైపు తిరిగారు, వానల్లో వచ్చిన శాంపిలు కదా, రోజంతా ఆరబెట్టాకే తూచావా, అంతే అడిగారు, కోపం లేదు, అనుమానం లేదు, మందు వేసుకున్నావా అన్నట్టు అడిగారు, లేదు సార్ అంటే మళ్లీ తూస్తారు, అంతే, నన్నేం ఉరి తియ్యరు, ఆరబెట్టాను సార్, ఎవరీ మాటన్నది, నా గొంతే, తొణక్కుండా వచ్చింది, జానకిరామ్ గారు నా మొహంలోకి చూశారు, వాదిస్తారనుకున్నాను, తలూపారు, మేడం చెప్పారుగా సార్, ఇంక నేను అనేదేముంది, మిల్లువాళ్లే నన్ను మోసం చేశారు అంటూ కూర్చుని ఫైలు తాడు కట్టుకుంటున్నారు, ముడి పడటం లేదు, మళ్లీ కడుతున్నారు, సార్ కలం తీసి రాయడం మొదలుపెట్టారు, నేను చూస్తూనే ఉన్నాను, జానకిరామ్ గారు తనకి తెలిసిందే కాగితం మీద రాశారు, తెలిసి తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇచ్చింది నేను.