రెండు కిరాయిల నడుమ

పైవాటా ఖాళీ చేసిన నాగేశ్వరి వాళ్ళ సామాను లారీ సందు మలుపు తిరగకముందే లింగస్వామి కింది నుంచి భార్యను కేకేశాడు.

"ఏమే అరుణా, పైవాటా ఫ్యూజు పీకి తీసుకరా. ఇప్పటి సంది మీటరు ఎంత తిరిగినా మన మీదనే."

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ ఇంటికి రెండు మీటర్లు. పైన కిరాయికి ఉన్నవాళ్ళు రీడింగు చూసుకుని, లెక్క తేల్చుకుని ఖాళీ చేస్తారు. కొత్తవాళ్ళు దిగేదాకా ఆ కరెంటు ఓనరుది. ఓనరంటే లింగస్వామి. పొయ్యి గట్టు మీద పేరుకున్న జిడ్డు, బాత్‌రూములో పాచి, చీపురు, బకెట్టు మాత్రం అరుణజ్యోతివి.

"కడుగుడు కాలేదు. లైటు లేకుంటే మూలలు కనపడయి," అంది అరుణ.

ప్రతిసారీ అదే అబద్ధం. ఒక పూటలో అయ్యే పనిని ఆమె రోజులకు రోజులు సాగదీసేది. కడిగిన గదినే మళ్ళీ కడిగి, తలుపు దగ్గరగా వేసి, ఫ్యాను కింద చల్లటి నేల మీద వెల్లకిలా పడుకునేది. ఏమీ చదివేది కాదు, ఏమీ కుట్టేది కాదు. పెళ్ళికి ముందు కాలేజీలో తాను ఎలా నవ్వేదో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించేది. గుర్తొచ్చేలోగా ఎవరో దిగేవాళ్ళు.

ఆ ఏడు తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. "మీ ఇంట్లో మాకేం లోటు లేదండీ అరుణగారూ, ఈ బందులకి మా ఆయనే భయపడుతున్నారు," అని కళ్ళొత్తుకుంటూ నాగేశ్వరి గుంటూరు వెళ్ళిపోయింది. టులెట్ బోర్డు చూసి ఎవరూ రాలేదు. అరుణ పైకి అయ్యో అంది గానీ, లోపల దండం పెట్టుకుంది. ఒకసారి ఒక జంట వస్తే, నీళ్ళు సరిగ్గా రావని తనే చెప్పి పంపేసింది. ఆ పూటంతా పైవాటా తాళంచెవి కొంగున ముడేసుకుని తిరిగింది. ఎవరిదో దొంగిలించినట్టు కాదు, తనది దాచుకున్నట్టు.

ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టిన రోజు, ఇంట్లో ఏనాడూ గంటె పట్టని లింగస్వామి నడిరోడ్డు మీద గంటె తిప్పుతూ ఫోటో దిగాడు. సాయంత్రం మాడిన గిన్నెలు ఆటోలో అరుణ దగ్గరికి వచ్చాయి. ఆమె తోముతుంటే, అతను మెట్ల కింద చెప్పులు విప్పుతూ తమ్ముడు ఉపేందర్‌తో అంటున్నాడు: "మనింట్ల మన ఇష్టం నడవకుంటే అదేం బతుకురా?"

బాగా చెప్పాడనిపించింది అరుణకు. అంతలో అతని చూపు మీటర్ల మీద పడింది.

"గిదేంది? పైన ఎవ్వరు లేరు గద, చక్రం ఎట్ల తిరుగుతున్నది?"

"నేనే. పగటీలి పైన ఉంటి. ఫ్యాను బంద్ చేసుడు మరిచిన."

"కడుగుడు ఇంక కాలేదా?"

"ఎప్పుడో అయింది. ఊకెనే పోయి కూసుంట."

"ఊకెనే?" లింగస్వామి తమ్ముడి వైపు తిరిగాడు. "మీ వదినకు సపరేటుగ ఒక వాటా గావాల్నటరా!"

"కిరాయెంత ఇస్తవు వదినా?" అన్నాడు ఉపేందర్.

ఇద్దరూ నవ్వారు. అలవాటుకొద్దీ అరుణ కూడా నవ్వింది. ఆ తర్వాత ఆమెను ఎక్కువ బాధపెట్టింది ఆ నవ్వే.

లింగస్వామి పైకెళ్ళి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. మర్నాడు ఆమె మళ్ళీ వెళ్ళింది. గాలి లేని గది పొయ్యిలా కాగుతోంది. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోతున్నా గోడకు ఆనుకుని కూర్చుంది. "అరుణా, చాయ్!" అన్న కేకకు లేచి దిగింది. ఆ తర్వాత వెళ్ళలేదు.

కొన్నాళ్ళకు స్వప్న అనే కొత్తపెళ్ళికూతురు కిరాయికి వచ్చింది. భర్తకు హయత్‌నగర్ బస్సు డిపోలో ఉద్యోగం. లింగస్వామి ఫ్యూజు తెచ్చి అరుణ చేతిలో పెట్టాడు. "పెట్టు. ఇగ మీటరు వాళ్ళ మీదికి పోతది."

ఆమె పైకెళ్ళి తలుపు పక్క బోర్డులో ఫ్యూజు బిగించింది. ఆనాడు ఆపడం మరిచిన ఫ్యాను దానంతటదే తిరిగింది. స్వప్న దాని కిందికి వెళ్ళి, చేతులు చాపి గుండ్రంగా తిరిగింది.

"నేల అద్దం లెక్క ఉన్నదక్కా! మా కంటె ముందు ఎవరుంటుండిరి?"

కింది నుంచి చాయ్ కోసం కేక వినిపించింది. అరుణ తాళంచెవి స్వప్న అరచేతిలో పెట్టింది.

"నేనుంటుంటి చెల్లె. ఖాళీ చేసిన."