లేవని చెయ్యి

సంఘం పద్ధతి ఒకటే. ఒకరికి అప్పు కావాలంటే మిగతా నలుగురూ చేతులెత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా అప్పు పుట్టదు, ఎందుకంటే రేపు ఆమె కట్టకపోతే ఆ నలుగురే కట్టాలి.

ఆరోజు అడిగింది పిండిమరలో పనిచేసే కోడలు. సంఘంలో ఆమె అత్త కూడా సభ్యురాలే. ఏళ్ల తరబడి పిండి ఆడించి కోడలి కనుబొమలు నెరిసినట్టు తెల్లబడ్డాయి గాని, మర మాత్రం పరాయిది. యజమాని దాన్ని అమ్మేస్తున్నాడు. సాయంత్రంలోగా డబ్బు తేకపోతే పక్క వీధి ఆసామి పట్టుకుపోతాడు. ఆమె పని కూడా దాంతోనే పోతుంది.

అప్పులిచ్చే కంపెనీ మేడమ్ డబ్బుల సంచీతో చాప మీద కూర్చుని, ఎవరెవరు సరేనంటారని అడిగింది. కూరగాయలామె చెయ్యెత్తింది. దర్జీ అక్క, గిన్నెలమ్మే పిన్ని ఎత్తారు. మిగిలింది అత్త. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నేలచూపులు చూస్తోంది.

కోడలికి ఒళ్లు మండిపోయింది. కూరలో ఉప్పెక్కువైతే సాధించడం సరే, అది ఏ అత్తకైనా హక్కే. నలుగురిలో ఇలా కడుపు మీద కొట్టడమేమిటి? గుమ్మంలో నిలబడ్డ మొగుడు మాత్రం మహా హుషారుగా ఉన్నాడు. పని అడిగినా, బాకీ అడిగినా రేపు అంటాడు కనుక వీధంతా అతన్ని రేపటాయన అంటుంది. ఇవాళ మాత్రం పొద్దున్నే తల దువ్వుకుని తయారైపోయాడు. త్వరగా ఎత్తమని తల్లిని తొందరపెడుతున్నాడు.

మేడమ్ సంచీ జిప్పు మూసి లేవబోయింది. కోడలు అత్త వైపు తిరిగింది.

"అత్తా, నేనేం తప్పు చేశాను?"

అత్త తలెత్తింది. "నువ్వేం చెయ్యలేదమ్మా. వీడు పాత లారీ ఒకటి బేరమాడాడు. ఈ డబ్బే తెచ్చిస్తానని మాటిచ్చాడు. పొద్దున నువ్వు పనికెళ్లాక నా చెవులతో విన్నాను."

రేపటాయన మొహం మాడిపోయింది.

"డబ్బు వీడి చేతిలో పడకుండా మర యజమానికే ఇస్తానంటే ఎత్తుతాను," అంది అత్త, మేడమ్‌తో. మేడమ్ తనే వెంట వచ్చి ఇస్తానంది.

చెయ్యి లేచింది.

"ఇక నాకు అమ్మ లేదనుకుంటా," అనేసి కొడుకు వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటా రేపటికి వాయిదా వెయ్యలేదు.

మేడమ్ సంతకాలు పెట్టించుకుంది. అందరూ లేచారు. అత్త చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, దించాలన్న సంగతే ఆమెకు తోచలేదు. ఇందాక లోలోపల తిట్టుకున్నందుకు కోడలికి సిగ్గేసింది. దగ్గరికెళ్లి ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"పదత్తా," అంది, "చీకటి పడకముందే వెళ్లాలి."