సొంత వాక్యం

మా కోడలు మవ్లుదా మా ఇంటి మీద చేతబడి చేస్తోందనుకున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మూడేళ్ళుగా "సరే అత్తయ్యా" తప్ప ఇంకో మాట ఎరగని పిల్ల, ఉన్నట్టుండి ఇల్లంతా పసుపు రంగు చీటీలు అంటించడం మొదలుపెడితే మీరేమనుకునేవారో నేనూ చూద్దును.

దానికి ముందు జరిగింది కూడా చెప్పాలి. మవ్లుదా మా ఊరు మర్గిలాన్‌లోనే బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఏదో కొత్త పరీక్ష పాసై కాగితం తెచ్చుకోకపోతే కొత్త సంవత్సరం నుంచి నీ తరగతి ఇంకొకరికిచ్చేస్తానని పెద్ద మేష్టారు చెప్పాడట. పరీక్ష పక్క పట్నం ఫెర్గానాలో, శనివారం. సరిగ్గా ఆ శనివారమే మా ఇంట్లో గాప్ విందు. నెలకొకరి ఇంట్లో ఇరవై మంది ఆడవాళ్ళం కూడతాం. ఈసారి వంతు నాది. కోడలు గుమ్మంలో వంగి సలాం చేయాలి, గిన్నెలో మర్యాదకి అడుగున కొంచెమే చాయ్ పోసి రెండు చేతులా అందించాలి. ఆ పిల్ల లేకపోతే ఆ ఇరవై నోళ్ళూ ఊరుకుంటాయా? అందులో మా అక్క హయ్రీ నోరొక్కటే పదిమంది పెట్టు. అందుకే కుదరదన్నాను. "సరే అత్తయ్యా" అని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచే చీటీలు.

మొదటిది నల్లా మీద చూశాను. తర్వాత చెప్పుల అర మీద, పిండి డబ్బా మీద, బట్టలారేసే తీగ గుంజ మీద. ఒక్కోదాని మీద రెండు మూడు మాటలు. నా చదువు రష్యా అక్షరాల్లో సాగింది. ఈ అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప రావు, కూడబలుక్కున్నా అది మన మాట కాదు. అడగొచ్చు కదా అంటారు. అనుమానం వచ్చాక ఎవరైనా అడుగుతారా? వెతుకుతారు. నేనూ వెతికాను. పరుపు కింద, అద్దం వెనక, చివరికి బుధవారం పొద్దున మా అబ్బాయి బోతిర్ కోటు దులుపుతుంటే దాని జేబులో. "కమ్ బ్యాక్" అని ఉంది. మంత్రం నా కొడుకు మీదికే వచ్చిందనుకున్నాను.

ఆ చీటీ పట్టుకుని సలోమత్ ఓతిన్ దగ్గరికి పరిగెత్తాను. మా వీధి ఆడవాళ్ళకి ఖురాన్ చదివి వినిపించే పెద్దావిడ. చీటీని వెలుతురుకి పట్టింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"రాత మనది కాదు హోసియత్. ఏముందో నాకు తెలీదు. తెలీనిది ఇంట్లో ఎందుకు, ఇసిరిక్ పొగేసి కాల్చెయ్" అంది.

ఇంటికొచ్చి ఒక్కటి వదలకుండా పీకాను. డెబ్బై మూడు. దిష్టి పోవడానికి కాల్చే ఇసిరిక్ మండలతో కలిపి రొట్టెల పొయ్యిలో పడేశాను. గదిగదికీ పొగ పట్టించాను. ఆ పూట ఆకలి బాగా వేసింది.

మధ్యాహ్నం మవ్లుదా బడి నుంచి వచ్చింది. చెప్పుల అర ముందు ఆగింది. నల్లా చూసింది, గుంజ చూసింది, పొయ్యి దగ్గర నిలబడి బూడిద చూసింది. నేను కావాలనే ఎదురుగా కూర్చున్నాను, ఏదో ఒకటి అంటుందని. చేతులు కడుక్కుని పిండి కలపడానికి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

బోతిర్ తను నడిపే డమాస్ వ్యాన్ లోపల పెట్టి వచ్చాక వాడికి చెప్పాను. వాడు తల పట్టుకున్నాడు.

"అమ్మా, అవి పాఠాలు. ఇంగ్లీషులో మాట ఒకటే ఉంటుందట, పక్కన చిన్న ముక్క మారిస్తే వేరే అర్థమట. ఎంత బట్టీ పట్టినా గుర్తుండట్లేదని, ఎక్కడ జరిగే పని అక్కడ అంటించుకుంది. పని చేసినప్పుడల్లా అనుకోవడానికి."

"పరీక్షకి వెళ్ళొద్దన్నాక చదవడమెందుకు?"

"అది దాన్నే అడుగు."

"నీ జేబులో కూడా పెట్టిందిరా."

"నేను రోజూ వెళ్ళి వస్తాను కదా. తిరిగి రావడం అని అర్థం. నాకు చెప్పే పెట్టింది."

నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది, అది నా జబ్బు. ఇల్లంతా తిరిగాను. చీటీలు ఊడిన చోట్ల జిగురు మరకలు మిగిలాయి, ఎటు చూసినా అవే. అత్త కోడలికి క్షమాపణ చెప్పడం మా వంశంలో లేదు. కానీ నేను చెరిపింది నేనే పూడ్చాలి, అది మాత్రం ఉంది. గురువారం ఆమె బడి నుంచి రాగానే పాత క్యాలెండర్ చింపి, వెనక తెల్లగా ఉన్న కాగితాన్ని చిన్న ముక్కలుగా కోసి ముందు పెట్టాను.

"శనివారం సంగతి శనివారందే. నువ్వెక్కడికీ వెళ్ళట్లేదు. కానీ నేను కాల్చినవి మళ్ళీ రాయి. నల్లా మీద ఏముండేది?"

కలం తీసింది. "టర్న్ ఆఫ్. ఆపేయడం. మాట ఒక్కటే రాస్తే నిలవదత్తయ్యా, దాంతో వాక్యం కట్టాలి."

"కట్టు."

"పళ్ళు తోముకుంటూ మా ఆయన నల్లా ఆపడు."

నిజమే, ఆపడు. నాకు నవ్వొచ్చింది. "తర్వాత?"

"రన్ అవుట్ ఆఫ్. అయిపోవడం. మా ఇంట్లో పిండి అయిపోతే ముందు తెలిసేది నాకే."

"ఊఁ."

"పుట్ ఆఫ్. వాయిదా వేయడం. పరీక్ష వాయిదా పడదు, విందు వాయిదా పడదు."

నేను కాగితాలు సర్దుతున్నదాన్ని ఆగాను. ఆమె తల వంచుకుని రాసుకుంటోంది.

"టర్న్ డౌన్. కాదనడం. మూడేళ్ళలో ఒక్కటి అడిగాను, కాదన్నారు."

"ఇది పుస్తకంలో ఉందా?"

"వాక్యం సొంతది కావాలత్తయ్యా. పుస్తకంలోది అప్పజెబితే మార్కులు వేయరు."

అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. కోడలు ఎదురు చెప్పకూడదు, చెప్పట్లేదు కూడా. వాక్యం చెబుతోంది. మూడేళ్ళుగా ఆ నోట్లో ఆగిపోయినవన్నీ ఇంగ్లీషు పాఠం పేరుతో నా చాప మీదికే వచ్చి కూర్చుంటున్నాయి. లేచి నాలుగు అంటిద్దామా అనిపించింది. కానీ వాక్యాన్ని ఎలా తిడతాం?

"అలాగైతే నేనూ కడతాను. మా హయ్రీ అక్క తెచ్చిన సంబంధం కాదని, నీ ముఖం చూసి నిన్ను తెచ్చుకున్నాను. పనికొస్తుందా?"

"పనికొస్తుంది" అని అదీ రాసుకుంది. పెదవి చివర నవ్వు కనబడింది. "పుట్ అప్ విత్. భరించడం."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"మా అత్తగారు నన్ను భరిస్తున్నారు" అంది.

తెలివి తక్కువదేం కాదు. అలా ఇరవై, ముప్పై దాకా వచ్చాం. చాయ్ చల్లారిపోయింది. ఒకచోట కలం ఆపి కూర్చుంది.

"గివ్ అప్. వదిలేసుకోవడం."

"వాక్యం?"

"లేదత్తయ్యా."

"ఇన్నిటికి దొరికింది, దానికెందుకు దొరకదు?"

"సొంతది ఇంకా లేదు. శనివారం దొరుకుతుంది."

గొంతు పెంచలేదు, నా వైపు చూడలేదు. నేను లేచి వాకిట్లోకి వచ్చేశాను. ఆ పిల్ల ముందు కూర్చోవడం నావల్ల కాలేదు.

శుక్రవారమంతా ఒకచోట నిలవలేదు. బియ్యం రెండుసార్లు ఏరాను. చాయ్ గిన్నెలు కడిగినవే కడిగాను. ఇరుగుపొరుగు వచ్చి "ఏంటి హోసియత్, విందు నీదా, పరీక్ష నీదా" అని ఆట పట్టించారు. అక్క ఫోన్ చేసి, నీ కోడలు ఆకుపచ్చ పట్టు గౌను వేసుకోవాలి, అందరూ చూస్తారు అంది. అలాగే అన్నాను. ఆ ఇరవై మంది ముఖాలూ ఒక్కొక్కటే తలుచుకున్నాను, భయమేసింది. జిగురు మరకలు గోకబోతే సున్నం కూడా ఊడొచ్చింది.

శనివారం తెల్లవారగానే వాకిట్లోకి వస్తే మవ్లుదా అప్పటికే వాకిలి ఊడ్చేసి, పలావ్‌కి క్యారెట్లు సన్నగా తరుగుతోంది. పైన ఆకుపచ్చ గౌను, నడుముకి వంటగుడ్డ. సగం గంప అయిపోయింది.

"బస్సు ఎన్నింటికి?"

"ఏడున్నరకి. ఫర్వాలేదత్తయ్యా."

"ఆ వదిలేసుకోవడం మాటకి వాక్యం దొరికిందా?"

కత్తి ఆగింది. "దొరికినట్టే."

నేను పక్కన కూర్చుని ఆమె చేతిలోంచి కత్తి తీసుకున్నాను. ఈ విషయం బోతిర్‌కి కూడా తెలియదు. వాళ్ళ నాన్న తెలిసీ ఎప్పుడూ ఎత్తకుండానే పోయాడు.

"నేను పట్టు ఫ్యాక్టరీలో ఆరేళ్ళు మగ్గం మీద చేశాను. నా వరసలో తెగిన దారం నాకంటే గబగబా కలిపేవాళ్ళు లేరు. పెళ్ళయిన రెండో నెలలో మా అత్తగారింట్లో గాప్ వచ్చింది. ఒక్కరోజు సెలవు పెట్టమన్నారు, పెట్టాను. తర్వాత ఇంకెవరో వస్తున్నారని ఇంకో రోజు. ఆమె ఏనాడూ మానేయమనలేదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో మగ్గం వదిలేసుకున్నాను. దీన్ని ఇంగ్లీషులో ఎలా అంటారు?"

మవ్లుదా మెల్లగా చెప్పింది. ఆ మాటల్లో నా పేరొక్కటే నాకు తెలిసింది. ఇంత పొట్టి వాక్యమా అనిపించింది.

వంటగుడ్డ ముడి నేనే విప్పి నా నడుముకి కట్టుకున్నాను.

"చాయ్ నేను పోస్తాను. హయ్రీ అక్క ఏమంటే అది అననీ. నువ్వు పరీక్షలో నా వాక్యం రాసుకో. ఆ మాటకి ఈ ఇంట్లో ఒక్క వాక్యం చాలు. ఇక లే, బస్సు వెళ్ళిపోతుంది."