ఎనిమిదో లైనుకు వేడి చేసింది

కాజాలు కుట్టే పిల్ల స్టూలు మీద నుంచి పక్కకు ఒరిగి దభీమని నేల మీద పడింది. పక్క మిషన్ మీద కాలర్లు కుడుతున్న ఆవిడ, అందరూ కాలరక్క అని పిలిచే మనిషి, గబుక్కున లేచి ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. పాపం, బట్టలు తడిసిపోయాయి. పొద్దున్నుంచి రెండుసార్లు టోకెన్ అడిగి, రెండుసార్లూ తిట్లు తిని కూర్చుంది.

"మిషనెవరు ఆపారు?" అన్నాడు సూపర్‌వైజరు. మనిషి పడిన చప్పుడు అతనికి వినపడలేదు గాని, మిషన్ ఆగిన చప్పుడు మాత్రం వినపడింది.

ఆ బట్టల ఫ్యాక్టరీలో లైనుకు నలభై మంది ఆడవాళ్ళు. నలభై మందికీ కలిపి ఒకటే టోకెన్. అది మెడలో ఉంటేనే బాత్రూముకు వెళ్ళనిస్తారు. అడిగి మాటపడడం దేనికని ఎనిమిదో లైను ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే మానేశారు.

మధ్యాహ్నానికల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇంట్లో సరిగా తిండి తినక, సొంత అనారోగ్యం వల్ల పడిపోయిందనీ, ఇక పనికి పనికిరాదనీ రాశారు. కింద సాక్షిగా కాలరక్క సంతకం కావాలి.

"రేపు పొద్దున పెట్టి ఇచ్చెయ్. లేదంటే ఆ పిల్లతో పాటు నువ్వూ ఇంట్లో కూర్చోవచ్చు" అన్నాడు సూపర్‌వైజరు.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా గోడకు చేరగిలబడింది కాలరక్క. డిగ్రీ చదివే కూతురు సామాజికశాస్త్రం పుస్తకం పక్కన పెట్టి కాగితం చదివింది.

"పెట్టేస్తానే. నాకిక ఓపిక లేదు."

"అసలా అక్కకేమైంది?"

"వేడి చేసింది. మంట, జ్వరం. నాకు మాత్రం లేదా? పదేళ్ళుగా నాదీ వేడి ఒళ్ళే."

"ఇంకెవరికుంది?"

కాలరక్క వేళ్ళు మడిచింది. జేబులు కుట్టే వదిన, ఇస్త్రీ పెద్దమ్మ, గుండీల అక్కచెల్లెళ్ళు... రెండు చేతులూ అయిపోయాయి.

"ఏమ్మా, మీ ఓనరు వేడి ఒళ్ళ వాళ్ళనే ఏరి ఏరి పెట్టుకున్నాడా? ఎవరి బాధ వాళ్ళ దగ్గరుంటే వాళ్ళ ఖర్మలాగే ఉంటుంది. అందరివీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. మా పుస్తకం మొదటి పాఠమే అది."

"ఇంతోటిదానికి మూడేళ్ళు చదవాలా?"

"నీకు పదేళ్ళయినా తట్టలేదుగా!"

కాలరక్కకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదేళ్ళపాటు తన ఒంటిని తనే తిట్టుకుంది, ఫ్యాక్టరీని ఒక్క మాట అనలేదు.

మర్నాడు సైరనుకు ముందే గేటు దగ్గర లైనువాళ్ళందరినీ ఆపి, మంట ఎవరెవరికుందని అడిగింది. ఒక్కొక్కరే బయటపడ్డారు.

"నాకు ఆపరేషనయ్యాక మొదలైంది."

"నాది వయసు మీద పడి."

"నడిరోడ్డు మీద ఈ మాటలేంటే, సిగ్గులేకుండా!" అని కసిరింది జేబుల వదిన.

"సిగ్గుపడే కదా వదినా, ఇన్నేళ్ళు మంట ఓర్చుకున్నాం" అంది కాలరక్క.

"పని పోతే మా ఇంట్లో పొయ్యెవరు వెలిగిస్తారు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఇస్త్రీ పెద్దమ్మ తన నీళ్ళ సీసా పైకెత్తి విసుక్కుంది.

"వెళ్ళడానికంటే టోకెన్ కావాలి. నీళ్ళు తాగడానిక్కూడా ఒకర్ని అడగాలా?"

పదింటికి మిగిలిన ముప్పై తొమ్మిది మందీ సీసాలెత్తి గటగటా తాగారు. పదకొండు కాకముందే లైనంతా మిషన్లు ఆపి లేచి నిలబడింది.

"టోకెనేదీ?" అని అరిచాడు సూపర్‌వైజరు.

"నలభై పట్రా, వేసుకుంటాం" అంది పెద్దమ్మ.

కాలరక్క కాగితం అతని చేతికిచ్చింది. 'సొంత అనారోగ్యం' కొట్టేసి 'టోకెన్ వల్ల' అని రాసి ఉంది. సాక్షి దగ్గర ముప్పై తొమ్మిది సంతకాలున్నాయి. కాజాల పిల్లను వెనక్కి పిలిచేదాకా కదిలేది లేదని బాత్రూము ముందు బైఠాయించారు.

పోలీసు వ్యాను రానే వచ్చింది. ఎవరు మొదలుపెట్టారంటే అందరూ చేతులెత్తారు. అయినా కాలరక్కనే ఎక్కించారు. ఎక్కుతూ వెనక్కి చూసింది. ఏడో లైనువాళ్ళు కూడా సీసాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

వ్యానులో కూలబడ్డాక ఎక్కడలేని నీరసం ముంచుకొచ్చింది. పక్కనున్న ఆడ కానిస్టేబుల్‌ని అడిగింది.

"స్టేషన్లో బాత్రూముకు వెళ్ళనిస్తారా అమ్మా?"

ఆమె ముందు సీటువైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"మాకే దిక్కులేదక్కా. డ్యూటీ పడిందంటే పొద్దుట్నుంచి నీళ్ళు ముట్టను. మంటకి చచ్చిపోతున్నా. ఏం చేస్తాం, నా ఒళ్ళే అంత."

కాలరక్క నిటారుగా కూర్చుంది.

"మీ స్టేషన్లో ఆడవాళ్ళు ఎంతమంది?"